వచ్చేసారి నిన్ను తీసుకురమ్మన్నారు

మావా,

నీ సంవత్సరీకం పెట్టిన మర్నాడే మన మంగని విజయనగరం తీసుకెళ్లాను. ఏడేళ్లొచ్చినా దాని మాట ఎవరికీ తెలియట్లేదు కదా. పిల్లని పరీక్ష చేసి, చదువుకి ఏ సాయం కావాలో రాసిమ్మని బడిలో అర్జీ పెడితే వాళ్లే అక్కడికి పంపారు. నువ్వుంటే పెట్టనిచ్చేవాడివి కాదు. "నా కూతురికి మాటలొచ్చు. మీకే ఇనడం రాదు" అని నా మీద అరిచేవాడివి. నువ్వు మిల్లు నుంచి రాగానే అది నీ తలలో జనపనార పీచు ఏరుతూ ఏదేదో చెప్పేది. "అలాగా, మరేటయింది?" అంటూ నువ్వు వినేవాడివి. అన్నం చల్లారిపోతోందని మీ ఇద్దరి మీదా విసుక్కునేదాన్ని.

అక్కడ పిల్లల్ని పరీక్ష చేసే మేడమ్ దానిచేత చెక్క ముక్కలు పేర్పించారు, బొమ్మలు చూపించారు. రాసుకుంటూ, "పాప మాటలు ఇంట్లో ఎవరికి బాగా అర్థమవుతాయమ్మా?" అని అడిగారు.

"ఆల్ల నాన్నకండి" అనేశాను.

"మరి ఆయన్ని తీసుకురాలేదేం? వచ్చేసారి తప్పకుండా తీసుకురండి. అడగాల్సినవి చాలా ఉన్నాయి."

నువ్వు లేవని చెప్పలేదు. తలూపి వచ్చేశాను.

తిరిగి నెల్లిమర్ల వచ్చే బస్సులో మంగ నా కొంగు లాగి ఒకే మాట మూడుసార్లు అంది. నీళ్లిస్తే తోసేసింది. బిస్కెట్ ఇస్తే తీసుకోలేదు. "ఏటమ్మా, మళ్లీ సెప్పు" అని బతిమాలాను.

అప్పుడు నా ఒళ్లోకెక్కి, నా జుట్టులో వేళ్లు పెట్టి చాలాసేపు వెతికింది. ఒక్క పీచూ దొరకలేదు. కిటికీ వైపు తిరిగిపోయింది.