ఆస్ట్రేలియా తీర్థం

సోమయాజులు బాబాయిగారి పాదాలకు నమస్కరించి, ఒక ధర్మసందేహం అడుగుతున్నాను.

నిన్న నోయిడాలో మా పక్క ఫ్లాట్ శరణ్య నలుగురితో పాటు నన్నూ పిలిచింది. "రెండు రకాల ద్రాక్షలు కలిపి చేశారు, రుచి చూడండి ఆంటీ," అంటూ గ్లాసు అడుగున చెంచాడే పోసింది. అంత కొంచెమే ఇస్తే తీర్థమనుకున్నాను. అరచేతిలో పోసుకుని, కళ్లకద్దుకుని పుచ్చుకుని, తడిచెయ్యి తలకు రాసుకున్నాను.

"అయ్యో ఆంటీ, అది ఆస్ట్రేలియా రెడ్ వైన్," అంది శరణ్య. "ఇంతకీ ఎలా ఉంది?"

"నేరేడుపండులా ఉంది. చివర మిరియాల ఘాటు తగిలింది," అన్నాను.

వచ్చే శుక్రవారం లలితా పారాయణ నేనే చేయించాలి. తెలియక పుచ్చుకుంటే దోషం లేదని మీరే అంటుంటారు. కానీ తీర్థం మూడుసార్లు పుచ్చుకోవాలి గదా, తక్కిన రెండుసార్లూ తెలిసే పుచ్చుకున్నాను. వాటికేం చేయాలో రాయండి. ఫోను మాత్రం వద్దు, మీ అల్లుడుగారు ఎత్తుతారు.

మీ అన్నగారి అమ్మాయి