చెక్క గోడకు అవతల

జగ్గయ్యపేట,
7-7-1959

ప్రియమైన రత్నమణికి,

కృపారావు వందనాలు. నేను క్షేమం. అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది?

రైల్వేవాళ్ళు నాకు కొత్త డ్యూటీ వేశారు. నవ్వకు. ఇక్కడ సున్నపురాయి క్వారీల దగ్గర, పక్క లైను మీద రెండు పాసింజరు పెట్టెలు వదిలేసి చాలా ఏళ్ళయింది. వాటికి కాపలా. ఎవరెత్తుకుపోతారు వాటిని? చక్రాల మధ్య తుమ్మ మొక్కలు లేచాయి. పొద్దున్నే కిటికీ రెక్కల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా బల్లల మీద పడుతుంది. చద్దన్నం తింటూ చూస్తూ కూర్చుంటాను. ఎక్కడికీ వెళ్ళక్కర్లేని రైలు ఇంత అందంగా ఉంటుందని నాకు తెలియదు. గాలి గట్టిగా వీస్తే మాత్రం పెట్టె కదిలినట్టుంటుంది. లేచి బయటికి చూస్తాను.

నేను పడుకునే వైపు కప్పు కారుతోంది. చెక్క గోడకు అవతల ఆడవాళ్ళ గది బాగానే ఉంది గానీ నేనందులో అడుగు పెట్టలేదు. "ఖాళీదేగా, పోయి పడుకోవయ్యా" అని గ్యాంగు మేస్త్రీ శాంతయ్య నవ్వుతాడు. ఆడవాళ్ళకని బోర్డు ఉండగా ఎలా వెళ్తాను?

నువ్వొస్తే ఇక్కడే కాపురం పెట్టొచ్చు. వస్తావా?

నీ
కృపారావు


నందిగామ,
14-7-1959

ప్రియమైన మీకు,

రత్నమణి వందనాలు. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, నోరు మాత్రం బాగానే పనిచేస్తోంది. "రైలు పెట్టెలో కాపురమేంటే, మనకేం ఇల్లూ వాకిలీ లేవా?" అంటోంది.

నా కోపం దాని గురించి కాదు. ఆ గదిలో అడుగు పెట్టలేదని గొప్పగా రాశారే, దాని గురించి. మీ ఉత్తరం చదివాక బడిలో పిల్లలకు పాఠం కూడా సరిగా చెప్పలేకపోయాను. నాలుగేళ్ళ కిందట, బాబుకి జ్వరమొచ్చి మధిర నుంచి బెజవాడ ఆసుపత్రికి తీసుకుపోయిన రోజు, నేను ఆడవాళ్ళ గదిలో ఉంటే, స్టేషను వచ్చినప్పుడల్లా మీరు పక్క గదిలోంచి దిగి నా కిటికీ దగ్గరికొచ్చారు. "ఎలా ఉన్నాడు?" అన్నారు. మళ్ళీ పరుగెత్తి మీ గదిలో ఎక్కారు. కొండపల్లి దాటాక వాడు నా ఒళ్ళోనే పోయాడు. గోడకు అవతల మీరు కూర్చుని ఉన్నారు. ఇవతల నేనొక్కదాన్ని. పుట్టింట్లో ఎందుకుండిపోయావని అడిగినవాళ్ళకి అమ్మ కోసమని చెబుతుంటాను.

మగవాళ్ళు అందులోకి రాకూడదన్న ఆ రూలు మీకిప్పటికీ అంత ముఖ్యమైతే అక్కడే ఉండండి. నేను రాను.

రత్నమణి


జగ్గయ్యపేట,
16-8-1959

ప్రియమైన రత్నమణికి,

ఎన్నిసార్లు రాయబోయానో, ఎన్నిసార్లు చించేశానో. ఇవాళ ఆ గదిలోకి వచ్చాను. ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. తలుపు బిగుసుకుపోతే భుజంతో నెట్టాను. లోపల దుమ్మూ, పిచ్చిక గూడూ తప్ప ఏమీ లేవు. కిటికీ పక్కన, ఆ రోజు ఇలాంటి గదిలోనే నువ్వు కూర్చున్న వైపే కూర్చున్నాను. ఏడుపొచ్చింది. శాంతయ్య తొంగి చూసి వెళ్ళిపోయాడు.

ఒక్క మాట చెప్పనీ. ఆ రోజు నేను కూర్చోలేదు. బెజవాడ దాకా ఆ గోడకు చెవి ఆనించి నిలబడే వచ్చాను. వాడి ఏడుపు వినిపిస్తే చాలు, ఉన్నాడనుకుందామని. చక్రాల చప్పుడులో వినపడిందో, వినపడిందని నేననుకున్నానో, ఇప్పటికీ తెలియదు.

ఈ పెట్టెల్ని తుక్కు కింద అమ్మేస్తారట. వచ్చే వారం ఇంజనొచ్చి లాక్కుపోతుంది. జంక్షను దాకా వీటితో వెళ్ళి అప్పజెప్పి రావాలి. ఆ తర్వాత నన్నెక్కడ వేస్తారో చూడాలి. నిన్ను రమ్మని ఇంక అడగను.

నీ
కృపారావు


నందిగామ,
19-8-1959

ప్రియమైన మీకు,

మీరు నిలబడి వచ్చారని నాకు తెలియదు. కూర్చుని ఉంటారనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. నేనడగలేదు, మీరు చెప్పలేదు. వాడు కొండపల్లి దాకా సన్నగా ఏడుస్తూనే ఉన్నాడండీ. మీకు వినపడింది నిజమే.

సోమవారం పొద్దున బస్సుకి వస్తున్నాను. బడిలో సెలవు చెప్పాను. "తుక్కు రైలెక్కటానికి పోతన్నావా, పిచ్చిమొహమా!" అంది అమ్మ. అంటూనే మాగాయ జాడీకి గుడ్డ కట్టింది.

ఇంజను డ్రైవరుతో మాట్లాడి ఉంచండి. జంక్షను దాకా నేనూ వస్తాను. ఇద్దరం ఒకే గదిలో కూర్చుందాం. ఏ గదైనా సరే. ఎవరన్నా రూలు మాట్లాడితే వాళ్ళతో నేను చెప్పుకుంటాను. బాబు పోయాక మనిద్దరం వాడి పేరు కూడా ఎత్తలేదు. దారంతా వాడి గురించే మాట్లాడుకుందాం.

మీ
రత్నమణి