బీట్‌రూట్ తాగినా దిగని బీపీ

3 నవంబర్ 2025, సోమవారం

బీపీ 158/96. ఎత్తు మీద పనికిచ్చే నా హైట్ పాస్ ఆపీసేరు. పద్దెనిమిదేళ్ళుగా హథ్‌ఖోజ్‌లో మా యూనిట్ క్రేన్ పైన కూచుని నడుపుతున్నాను, ఈవేళ కింద నిలబడి విజిల్ ఊదమన్నారు. మా ఫేక్టరీ డాక్టర్ ఛాయ మేడమ్ గోళీ రాసింది. 28న మళ్ళీ చూస్తాదట. 140 లోపుకి రాకపోతే ఇంక పైకెక్కనివ్వను, స్టోర్లోకే పొమ్మంది. స్టోర్లో కిటికీ కూడా లేదు.

ఈ నోటుబుక్కు మా అమ్మాయి అమ్ము ఇచ్చింది. రోజూ బీపీ రాయాలట. రాయడమంటే ఎనిమిదో క్లాసులోనే ఒదిలీసిన పని.

4 నవంబర్

156/96. అమ్ము ఫోన్లో చదివింది. బీట్‌రూట్, పాలకూర, లాల్ భాజీ అనే ఎర్ర తోటకూరలో నైట్రేట్ ఉంటాదట. రక్తనాళాల్ని లూజు చేస్తాదట, గుండెకి పని హల్కా అవుతాదట. ఈ హిందీ ఊళ్ళో పుట్టింది, దానికి తెలుగు సగమే వొస్తాది. సమఝ్ గయే నా పాపా అని ముగించీసింది. నాకేటీ సమఝ్ కాలేదు గానీ మా ఆవిడ రేఖకి అంతా సమఝ్ అయిపోయింది. ఉతై పల్లె నుంచి మా సెక్టర్ 7కి కూరలు తెచ్చే దీదీ బుట్ట ఖాళీ చేసీసింది.

6 నవంబర్

పొద్దున్న బీట్‌రూట్ జ్యూసు. మధ్యాన్నం బీట్‌రూట్ వేపుడు. రాత్రి లాల్ భాజీ. చెయ్యి ఎరుపు, కంచం ఎరుపు, చొక్కా ఎరుపు. 157/95.

7 నవంబర్

పొద్దున్న బాత్రూంలో అదీ ఎరుపే. అలాగవుతాదని అమ్ము నాతో ముందే చెప్పింది, రేఖకి తెలీదు. అయినా ఊరుకోగలనా? ఓలమ్మో రక్తం అని కేకేసేను. రేఖ ఒకటే ఏడుపు. పక్క క్వార్టర్ వాసుదేవరావు గారు లుంగీతోనే కారు తీసేరు. నన్ను ఎక్కించేక నవ్వీసేను. రేఖ చీపురు తీసింది. నువ్వు నిజంగా సచ్చినా నాను రాన్రా అన్నారు వాసుదేవరావు గారు.

12 నవంబర్

156/94. తగ్గదేటి?

నువ్వు తాగట్లేదు, మొక్కల్లో పారబోస్తున్నావు అంటాది రేఖ. తాగుతున్నాను మొర్రో అన్నా నమ్మదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడి, నాలిక సాపు అంటాది.

నా దొంగతనం వేరే. గుడాఖు. ఆ నల్ల పొగాకు పేస్టు రోజుకి మూడుసార్లు, యూనిట్ వెనకాల, వేలితో పళ్ళకి రుద్దుతాను. రెండేళ్ళ కింద నోట్లో తెల్లమచ్చ వొచ్చినప్పుడు అమ్ము నెత్తి మీద చెయ్యేసి మానీసేనని ఒట్టు పెట్టేను. వాసన రాకుండా రుద్దినప్పుడల్లా మౌత్‌వాష్‌తో పుక్కిలిస్తాను. నోరు ఆస్పత్రిలాగ ఉంటాది. ఇంతవరకూ దొరకలేదు.

15 నవంబర్

ఈవేళ ఇడ్లీ కూడా ఎరుపే. 156/95.

18 నవంబర్

డ్యూటీ అయ్యేక ఛాయ మేడమ్ దగ్గరకెళ్ళి గొడవాడీసేను. గోళీ మింగుతున్నాను, గడ్డి తిన్నట్టు ఆకులు తింటున్నాను, దిగదేటి? ఉప్పు అడిగింది, ఆవకాయ అడిగింది, నిద్ర అడిగింది. నోట్లో ఇంకేటి పెడతావు అంది. బీట్‌రూట్ అన్నాను. నవ్వలేదు. మౌత్‌వాష్ వాసనొస్తోంది, రోజుకెన్నిసార్లు అంది. మూడుసార్లు అన్నాను గొప్పగా. తల పట్టుకుంది.

నాలిక మీద మంచి క్రిములుంటాయట. నైట్రేట్‌ని పనికొచ్చేలాగ మార్చడం వాటితోనే మొదలట. నువ్వు రోజూ వాటిని చంపీసి బీట్‌రూట్‌ని తిడతావేటయ్యా అంది. అసలింతలా ఎందుకు కడుగుతున్నావంది. చెప్పీసేను. ఆ పొగాకే బీపీ ఎక్కిస్తాది, రెండూ మాను, రేపట్నుంచి కాదు, ఇప్పట్నుంచే అంది.

మౌత్‌వాష్ ఒక్కటీ మానితే రేఖకి వాసన తెలిసిపోతాది. రెండూ మానితే నాకు పిచ్చెక్కుతాది. ఏదీ మానకపోతే స్టోరు.

19 నవంబర్, పొద్దున్న 10

రుద్దలేదు. ఊరికే, నా బదులు క్రేన్ ఎక్కిన జితేంద్ర భయ్యా మీద అరిచేను. పాపం, క్రేన్ నాకన్నా నెమ్మదిగానే నడుపుతున్నాడు.

సాయంత్రం 4

ఒక్కసారి రుద్దీసేను. పుక్కిలించలేదు.

20 నవంబర్

నిన్న ఇంటికెళ్ళి మొత్తం చెప్పీసేను. రేఖ నవ్వింది. ఇదీ నాటకమేనా, వాసుదేవరావు గార్ని కారు తియ్యమనాలా అంది. దగ్గరకెళ్ళి నోరు తెరిచేను. గుడాఖు వాసనకి నవ్వు ఆగిపోయింది. పిల్ల నెత్తి మీద ఒట్టేసేవు కదా అంది. అంతే. చీపురు తియ్యలేదు. తీసుంటే బాగుణ్ణు.

అమ్ము హిందీలో కూడా మాటాడట్లేదు.

21 నవంబర్

బీట్‌రూట్ లేదు. తెల్లన్నం, పప్పు. పదిహేను రోజులు తిట్టుకున్నాను, హాయిగా ఉండాలి కదా. ఉండదే! సాయంత్రం దీదీ దగ్గర నానే రెండు కేజీలు కొన్నాను. తురుముతుంటే వేలు తెగింది. ఏది రక్తమో ఏది బీట్‌రూటో తెలీలేదు. రేఖని పిలవలేదు. పిలిచినా ఎవరు నమ్ముతారు?

25 నవంబర్

146/91. గుడాఖు రుద్ది ఆరు రోజులు. పళ్ళు లాగుతున్నాయి. ఉత్త వేలే నోట్లో పెట్టుకుని కూచుంటన్నాను, సిగ్గులేకుండా.

28 నవంబర్

138/86. గోళీ వల్లో, బీట్‌రూట్ వల్లో, రుద్దకపోడం వల్లో, మేడమ్ కూడా తేల్చలేదు. పాస్ మీద స్టాంపు కొట్టింది.

ఇంటికొచ్చి పాస్ చాపేను. రేఖ అందుకోలేదు. నోరు తెరు అంది. తెరిచేను. రెండుసార్లు వాసన చూసింది. అప్పుడు అందుకుంది.