మద్దిలేటికి పంపిన పెట్టె

బనగానపల్లె,
మే 1956

చిరంజీవి మద్దిలేటికి,

ఇక్కడ మేం ముగ్గురం కులాసా. మూడోది కుక్క.

కడపలో నీ అంగడి కాపలాకు దాన్ని పంపుతానని మాటిచ్చింది నిజమే. పెట్టెలో పెడితేనే బస్సు పైకి ఎక్కిస్తానని కండక్టరు అన్నాడు. అది దూడంత కుక్క కదా! వడ్రంగి దగ్గర కూర్చుని పెద్ద పెట్టె చేయించాను. లోపల రొట్టె పెడితే మెడ చాచి రొట్టె తినేసింది గానీ, కాళ్లు మాత్రం బయటే.

"నువ్వు దూరు. నిన్ను జూసి అదీ దూరతాది" అంది మీ అక్క.

దూరాను. ఆమె తలుపు వేసి గడియ పెట్టింది.

"గాలి ఆడతాండాదా?"

"ఆడతాండాది."

"దిగులుగా ఉండాదా?"

అంతలో కుక్క వచ్చి చెక్కల సందులోంచి నా ముక్కు నాకింది. తలుపు తీయగానే లోపలికి దూరి నా ఒళ్లో పడుకుంది. ఈ కుక్క ఉంటే పుట్టింటికి పోతానని రోజూ అరిచే మీ అక్క, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ "మద్దిలేటిగాడు అంగడికి ఇంకో బీగం కొనుక్కుంటాడులే" అంది.

అందుకని కుక్కకు బదులు ఆ పెట్టె నిండా మామిడిపండ్లు పంపుతున్నాను. పండ్లు తీసుకుని పెట్టెను వెంటనే తిప్పి పంపు. ఆ రోజు నుంచి కుక్క అందులోనే పడుకుంటూ వచ్చింది. పెట్టె వచ్చేదాకా దానికి నా మంచం ఇమ్మని మీ అక్క ఆర్డరు.

ఇట్లు,
నేల మీద పడుకుంటున్న
మీ బావ