నైరుతిలో నీళ్ల ట్యాంక్

జూన్ 3, మంగళవారం

ఈరోజు నేను ఒక ఇంటికి చక్రాలు పెట్టినాను. చరిత్ర గమనించాలి.

మెకానికల్ డిగ్రీ, హోసూరులో బస్సులకు బాడీ కట్టే షెడ్, హోదా డిజైన్ హెడ్. డిపార్ట్‌మెంట్‌లో ఉండేది హెడ్ ఒక్కడే.

పనిచ్చిన పార్టీ గురుమూర్తి సార్. ఆంధ్రా నుంచి ఈడ ఫ్యాక్టరీకి వచ్చి, రిటైరై, పాత మినీబస్సు కొని దాన్ని మోటార్‌హోమ్ చేయమన్నాడు. షరతు ఒకటే, వాస్తు. డ్రైవర్ చూసేది తూర్పు అనుకోవాలంట. అప్పుడు బరువంతా నైరుతిలో, అంటే వెనక కుడి మూలలో. పైకప్పు మీద మూడు వందల లీటర్ల ట్యాంక్, లోపల బ్యాటరీలు, కృష్ణగిరి గ్రానైట్ పలకతో మంచం. సార్, బండి తిరిగితే దిక్కులూ తిరుగుతాయి కదా అన్నాను. ఇల్లు ఎటు చూస్తే అదే తూర్పు బాబూ, మీ కాలేజీలో చెప్పలేదా అన్నాడు. మా ఓనర్ జయప్రకాశ్ బల్ల కింద నా కాలు తొక్కినాడు.

పోయిన నెలే డ్రాయింగ్ గీసి సంతకం పెట్టినాను, బండి ఈరోజుకు తయారైంది.

జూన్ 5, గురువారం

ట్రయల్. ముప్పై ఏళ్లు లారీ తోలిన రాజప్పన్న స్టీరింగ్ దగ్గర, నేను పక్కన.

శూలగిరి దాటినాక ఒక కంటైనర్ లారీ మమ్మల్ని ఓవర్‌టేక్ చేసింది. దాని గాలి మొదట మమ్మల్ని రోడ్డు అంచుకు నెట్టింది, తర్వాత తన వైపు లాక్కునింది. మా వెనక భాగం కుక్క తోక మాదిరి ఊగింది. రాజప్పన్న బ్రేకు తొక్కలేదు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ నేరుగా పట్టుకుని కూర్చున్నాడు. మూడు ఊపులు. నేను లెక్కపెట్టినాను. నాలుగోది రాలేదు.

టీకొట్టు దగ్గర ఆపినాడు. గ్లాసు చేత్తో ఎత్తకుండా, బెంచీ మీదే పెట్టి వంగి తాగినాడు. తోక బరువుకు ముక్కు లేచిపోతోందప్పా, ముందు చక్రాలకు రోడ్డే అందడం లేదు అన్నాడు. ట్యాంక్ నిండుగా ఉంటే ఒక రకం, సగం ఉంటే ఇంకా మోసం, బండి తిరిగేసినాక నీళ్లు నిదానంగా వచ్చి తంతాయి అన్నాడు.

నాలుగేళ్ల చదువు ఒక్క టీలో అయిపోయింది.

జూన్ 6, శుక్రవారం

లారీలు తూచే వేబ్రిడ్జి మీద కుడి చక్రాలు ఒకసారి, ఎడమ చక్రాలు ఒకసారి ఎక్కించి తూచినాను. తేడా నాలుగు వందల ఎనభై కిలోలు.

జయప్రకాశ్‌కు చూపించినాను. ముహూర్తం పెట్టేసినారు, ఎడమ పక్క ఇసుక మూటలు వేసేయప్పా అన్నాడు. ఆదివారం అంచెట్టి ఘాట్ దిగి హొగెనకల్ పోతారంట. సార్, ఆయన భార్య, మనవరాలు, అందరూ కలిపి ఏడుగురు. రాజప్పన్న కడుపునొప్పి అని చెప్పి ఫోన్ ఆపేసినాడు. మరి ఎవరు తోలేది అంటే జయప్రకాశ్ నన్ను చూసి నవ్వినాడు.

నాకు హెవీ లైసెన్స్ ఉంది. సరదాకు తీసుకున్నాను.

జూన్ 7, శనివారం

ఫోన్‌లో గురుమూర్తి సార్ నంబర్ దాకా నాలుగుసార్లు పోయి వచ్చినాను.

జూన్ 8, ఆదివారం, ఉదయం 6

టైర్ల కింద నిమ్మకాయలు పెట్టినారు, కొబ్బరికాయ కొట్టినారు. సార్ భార్య దుర్గాదేవమ్మ నాకు బొట్టు పెట్టి నిదానంగా పోనీ నాయనా అంది. జాతరలో మేకకూ ఇట్లే పెడతారు.

8.20, డెంకణికోట

టిఫిన్‌కు ఆపినాం. అందరూ దిగినాక బండి వెనక ఉన్న ట్యాంక్ కొళాయి విప్పేసినాను. నలభై నిమిషాల్లో మొత్తం ఖాళీ. అంతసేపు వీళ్లను ఈడే కూర్చోబెట్టాలి. నాలుగో దోసె చెప్పినాను. ప్రాణం కోసం ఇంత తిన్నవాడు ఉండడు.

సాయంత్రం 5, అంచెట్టి

రాస్తున్నాను కాబట్టి ఉన్నాను.

ఘాట్‌లో మొదటి మలుపు బాగానే దిగింది. రెండోది ఎడమకు. తిప్పినాను, బండి తిరిగింది. ఆ తర్వాత, నెత్తి మీద ఎవరో కుడి పక్కకు నడిచినట్లు వినిపించింది.

నీళ్లు.

ఎడమ అద్దంలో రోడ్డు పోయి ఆకాశం వచ్చింది. వెనక గిన్నెలన్నీ పడినాయి. బండి అట్లే కాసేపు ఆలోచించి, మళ్లీ నాలుగు చక్రాల మీద కూర్చుంది.

ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, కొళాయి ఎవరు ముట్టుకున్నారు అని అడిగినాను. టిఫిన్ దగ్గర చేతులు కడుక్కుని వస్తుంటే నీళ్లు వృథాగా పోతున్నాయి నాయనా, నేనే కట్టేశాను అంది దుర్గాదేవమ్మ. మంచి పని చేసినట్లు చెప్పింది. మంచి పనే.

ట్యాంక్ సరిగ్గా సగం.

అప్పుడు చెప్పేసినాను. కంటైనర్, వేబ్రిడ్జి, రాజప్పన్న కడుపునొప్పి, నా సంతకం. ఒక్క జోకూ రాలేదు. తెలిసీ నా మనవరాలిని ఎక్కించుకున్నావా అన్నాడు సార్. ఎక్కించుకున్నాను అన్నాను. కొడతాడనుకున్నాను. కొట్టుంటే బాగుండేది.

ఆయనే కొళాయి విప్పి, నీళ్లు ఘాట్ వెంబడి పారి అయిపోయేదాకా నిలబడి చూసినాడు. ఆరుగురు నడిచి దిగినారు. నేను ఫస్ట్ గేర్‌లో బండి దించినాను. సార్ నా పక్కనే కూర్చున్నాడు. దిగండి సార్ అంటే వినలేదు. నైరుతి అన్నది నేనే కదా బాబూ, పోనీ అన్నాడు.

జూన్ 10, మంగళవారం

షెడ్‌లో ట్యాంక్ దించినారు. దాన్ని పట్టుకుని ఉన్న నాలుగు బోల్టుల్లో మూడు ఎప్పుడో తెగిపోయి ఉన్నాయి. నాలుగోది వేళ్లతో తిప్పితే వచ్చేసింది.