ఒళ్ళో జిమ్మీ, చేతిలో స్టీరింగు

కారు తాళం కోసం ఇల్లంతా వెతక్కండి, నా సంచిలో ఉంది. నేను నల్లకుంటలో అన్నపూర్ణ అక్కయ్య ఇంటికి రిక్షాలో వెళ్తున్నాను. చారు పొయ్యి పక్కన ఉంది. జిమ్మీ పెరుగన్నంలో ఉప్పు వెయ్యకండి. దానికి సూదిమందు వేయించాలంటే మీరూ రిక్షాలోనే తీసుకెళ్ళండి.

రాత్రి నిద్ర పట్టలేదు. కళ్ళు మూస్తే నారాయణగూడ చౌరస్తా, గేదెను చూసి మీ ఒళ్ళోంచి ఎగిరిన జిమ్మీ, మన బంపరు ముందు జానెడు దూరంలో ఆ సైకిలాయన. పాపం ఆ కానిస్టేబులు మర్యాదగానే చెప్పాడు: “కుక్కను జర ఎనక కూసోబెట్టుండ్రి సార్, పానాలు పోతయ్.” మీరేమో కోర్టు గొంతు పెట్టి, అలా ఏ సెక్షన్లో రాసి ఉందో చూపించమన్నారు. అతను తల గోక్కుని వదిలేశాడు. మీరు గెలిచారు.

పొద్దున మీ బీరువాలోంచి మోటారు వాహనాల చట్టం తీసి చూశాను. బండి నడిపేవాడికి అడ్డమయ్యేలా మనిషినీ కూర్చోబెట్టకూడదు, వస్తువునూ పెట్టకూడదట. ఆ పేజీలో నా జడపిన్ను పెట్టాను. కుక్క మనిషీ కాదు, వస్తువూ కాదని నా దగ్గర వాదించకండి. దాన్ని వెనక సీట్లో కట్టేస్తానని మాటిస్తేనే తాళం ఇస్తాను.

హైమ

మరో మాట. నా నుదుటి మీద ఆ బొప్పి ఏమిటని అత్తయ్యగారు అడిగారు. బీరువా తలుపు తగిలిందన్నాను, మీరూ అదే చెప్పండి. నిన్న బ్రేకు వేసినప్పుడు మీ ఎడమ చెయ్యి చటుక్కున జిమ్మీని పట్టుకుంది. పక్క సీట్లో నేనూ ఉన్నాను.