డెబ్రీడ్‌మెంట్‌కు నేను చెప్పిన అర్థం

సెప్టెంబర్ 24, 2011

డిపోలో బస్సులన్నీ నిలబడిపోయాయి. తెలంగాణ కోసం సమ్మె కదా. స్టీరింగ్ పట్టని మా ఆయన కాళ్ళకు పని పెట్టాడు. తోటి డ్రైవర్లతో కలిసి నర్సింహులపేట నుంచి తొర్రూరు దాకా ర్యాలీలో నడిచి వచ్చాడు. కొత్త చెప్పులు. కుడికాలి బొటనవేలి కింద బొబ్బ చితికి ఉంది. "నొస్తలేదే" అంటాడు. మూడేళ్ళ నుంచి షుగర్. నొప్పి లేదన్నదే నా భయం.

సెప్టెంబర్ 28

పుండుకు కట్టిన గుడ్డ తడిగా ఉంది. వాసన. "గింత పుండుకు పరేషానెందుకే" అని మళ్ళీ ర్యాలీకి పోయాడు.

అక్టోబర్ 1

వేలు నల్లబడింది. వాపు మడమ దాకా. ఇక్కడి డాక్టరు చూసి, జనగామ తీసుకుపొమ్మన్నాడు. ఏ బస్సులో పోవాలి? బండ్లో వేసుకుపోతుంటే ఆయనే నవ్వాడు — "నా బస్సు నేనే ఆపుకుంటి." కూరగాయల ట్రాలీ ఆటో, వెనక ఖాళీ గంపలు, వాటి మధ్య కాలు చాపుకుని. జనగామలో ఆయన అక్క, మా వదినె, దవాఖాన గేటు దగ్గరే నిలబడి ఉంది.

అక్టోబర్ 2

సర్జన్ ఒక కాగితం ఇచ్చాడు. అందులో ఆ మాట. డెబ్రీడ్‌మెంట్. పదో తరగతికి ఇంగ్లీషు చెప్తాను, ఎన్నడూ చూడని మాట.

సర్జన్ కోస్తా వైపు మనిషి. నన్ను తలుపు దగ్గరికి పిలిచి ఓపికగా చెప్పాడు. "చచ్చిపోయిన కండ తీసేయాలండి. బతికున్న కండ కనపడేదాకా, రక్తం వచ్చేదాకా తీస్తాం. ఎంతవరకూ అన్నది లోపల చూస్తే గానీ తెలీదు. వేళ్ళు పోవచ్చు. ముందే చెప్తున్నా."

మంచం మీద నుంచి ఆయన — "ఏమంటుండు?"

నేను — "పుండు కడుగుతరట."

"గంతేనా?"

"గంతే."

"నువ్వు చదివినవ్ గద" అని సంతకం పెట్టేశాడు. కాగితం చివర, అవసరమైతే వేళ్ళు తీసేయడానికి సమ్మతి అని ఇంగ్లీషులో ఉంది. ఆ వాక్యం నేను చదివాను. ఆయనకు చదివి వినిపించలేదు. నిజం చెప్తే లేచి ఇంటికి పోతాడని… ఆయన సంగతి నాకు తెలుసు.

అక్టోబర్ 3

అయిపోయింది. రెండు వేళ్ళు తీశారు. బొటనవేలు, దాని పక్కది. పెద్ద కట్టు. మత్తులో ఒక్కటే అడిగాడు — "కడిగిన్రా?" ఆఁ, అన్నాను.

అక్టోబర్ 4

కట్టు మార్చేటప్పుడు చూసుకున్నాడు. అరవలేదు. కాలు వైపే చూస్తూ — "బ్రేకు తొక్కే కాలే అది."

అన్నం ముట్టలేదు. బయట సద్దుల బతుకమ్మ పాటలు. వార్డులో ఎవరో కిటికీ మూశారు.

వరండాలో వదినె పట్టుకుంది. "ఇంగ్లీషు టీచరమ్మవు. గా మాటకు అర్థం తెల్వకపాయెనా నీకు?"

తెలియలేదు వదినె, అన్నాను. ఇంకో అబద్ధం. తెలివితక్కువదాన్ని అనిపించుకోవడమే సులువనిపించింది.

అక్టోబర్ 6

దసరా. నాతో మాట్లాడటం లేదు. వదినెతోనే. నీళ్ళు కావాలన్నా ఆమెనే అడుగుతాడు.

అక్టోబర్ 7

వదినె పక్కింటి వాళ్ళ దగ్గర పెద్ద డిక్షనరీ ఉంటే చూశాను. డెబ్రీ అంటే శిథిలాలు కదా, అందులోంచి వచ్చిందేమో అనుకున్నాను. కాదట. ఫ్రెంచి నుంచి. కళ్ళెం విప్పడం అని మొదటి అర్థం. బిగిసిపోయిన కండను కోసి వదులు చేయడం నుంచి ఈ వాడుక. కింద ఒక ఉదాహరణ వాక్యం కూడా ఉంది. ఆ వాక్యంలో మనిషి లేడు, గాయమే ఉంది.

ఎక్కడా కడగడం అని లేదు. వెతికాను.

అక్టోబర్ 9

సర్జన్ రౌండ్స్‌కు వచ్చి — "మళ్ళీ ఒకసారి డెబ్రీడ్‌మెంట్ చెయ్యాలండి."

అదే మాట. గోరంత తీసినా అదే, పాదం తీసేదాకా పోయినా మొదట రాసేది అదేనట. అంతకు మించి పోతే వేరే పేరు, వేరే కాగితం.

ఆయన లేచి కూర్చున్నాడు. "సార్, నాకు చెప్పుండ్రి. ఆమెకు గాదు."

సర్జన్ పాపం మంచం అంచున కూర్చుని చెప్పాడు. మధ్యమధ్య ఇంగ్లీషు. ఆయనకు సగమే అందింది. అయిదు రోజుల తర్వాత నా ముఖం చూశాడు.

"చెప్పు. గీసారి కడుగుడు అనకు."

చెప్పాను. "చచ్చిన కండ కోస్తరు. మంచి కండ దొరికేదాంక కోస్తరు. పాదంల సగం పోవచ్చు. అక్కడ ఆగకుంటే మోకాలు కింది దాంక తియ్యాల్సి వస్తదేమో."

"బస్సు?"

"ఇగ కాదు."

"తియ్యకుంటే?"

"పాణానికే వస్తది."

దుప్పటి కాలు మీదికి లాక్కున్నాడు. తర్వాత — "మొన్ననే గిట్ల చెప్పుంటే నేను సంతకం పెట్టకపోదును."

"తెలుసు. అందుకే చెప్పలే."

వదినె అక్కడే ఉంది. విన్నది. నా వైపు చూసి గిన్నె తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

సర్జన్ ఇచ్చిన కొత్త కాగితం దిండు కింద పెట్టుకున్నాడు. సంతకం లేదు.

అక్టోబర్ 10, ఉదయం

తొమ్మిదింటికి ఆపరేషన్ థియేటర్. నర్సు రెండుసార్లు వచ్చి అడిగింది. ఆయన స్పృహలో ఉండగా నా సంతకం పనికిరాదట.

జ్వరం పెరిగింది. కళ్ళు ఎర్రగా. కాగితం తీసి నా ముందు పెట్టాడు. "నిన్న చెప్పిందంత కింద తెలుగుల రాయి. సగం రాయకు. అంత రాయి."

రాశాను. చచ్చిన కండ. మంచి కండ దొరికేదాకా. పాదం సగం. మోకాలి కింది దాకా. చోటు చాలక వెనక్కి తిప్పి రాశాను. బస్సు నడపలేరు అని కూడా రాశాను. ఆ ఒక్క వాక్యం వంకర పోయింది.

తీసుకున్నాడు. పెదవులు కదుపుతూ, ఒక్కో మాట మీద వేలు పెట్టి చదువుతున్నాడు. తలుపు దగ్గర స్ట్రెచర్. కాగితం వెనక్కి తిప్పాడు. పెన్ను అందించబోతే — "ఆగు, చదవనియ్యి."